ఖాలా చెప్పిన ఆటోస్టార్టర్

...అక్కడిదాకా రాసి నిన్న ఆపేశాను. ఆ తర్వాతి వాక్యానికి చెయ్యి రాలేదు. ఈరోజు ముందు అదే రాసేస్తాను. మా పక్క పోర్షన్‌లో ఉండే ల్యాబ్ ఖాలా చనిపోయింది. గురువారం పొద్దున వనపర్తిలో బస్సెక్కి, కొల్లాపూర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి బయల్దేరింది. అక్కడ బస్సు దిగి నాలుగు అడుగులు వేసి, సంచి కింద పెట్టి, దాని పక్కనే కూర్చుండిపోయిందట. మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. సాయంత్రానికల్లా రాజోలికి, పుట్టిన ఊరికి, తీసుకెళ్ళి మట్టి చేశారు. మేము ఆఖరిచూపు కూడా చూడలేదు.

ఈ కబురు చెప్పిన ఫోన్ పెట్టేసి అమ్మ చాలాసేపు స్టవ్ ముందే నిలబడింది. పాలు పొంగి కిందికి కారాయి. "మొన్ననే గద, చింతపండు అడిగి తీస్కపోయింది" అంది. ఎవరితో అందో తెలియదు. ఆ వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఈ కాగితాలు చదివేది ఎవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఆమె గురించి కొంచెం తెలుసుకోండి. ఆమె గురించి పేపర్లో ఏమీ రాదు. మా వీధిలో ఆమె పేరు కూడా సగం మందికి తెలియదు. పెద్దవాళ్ళూ పిల్లలూ అందరూ ల్యాబ్ ఖాలా, అంటే ల్యాబ్ పిన్ని, అనే పిలిచేవాళ్ళు. భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఒక ప్రైవేటు ల్యాబులో కల్చర్ గదిలో పనిచేసేది. రోగుల చీము, మూత్రం లాంటివి వస్తే వాటిలో ఉన్న బ్యాక్టీరియాను గుండ్రటి చిన్న ప్లేట్ల మీద పెంచి, దానికి ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో చూసి రాసే పని. రోజంతా నిలబడే ఉండాలి. ఇంటికొచ్చేసరికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు అచ్చు పడి ఉండేవి. గడప మీద కూర్చుని ఆ అచ్చుల్ని బొటనవేలితో రుద్దుకుంటూ మా అవ్వతో మాట్లాడేది.

అవ్వ అంటే మా నాయనమ్మ. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లెలో సేద్యం చేసి చేసి, మోకాళ్ళు అరిగాక మా దగ్గరికి వచ్చింది. షుగర్ ఉంది. ఖాలా చేసే పని అవ్వకు ఎన్నిసార్లు చెప్పినా వింతే.

"పురుగులను సాక్తవంట గదనే. దానికన్న కోళ్ళను సాకరాదు, గుడ్లన్న పెడ్తయ్" అనేది అవ్వ.

"నా పురుగులు కోళ్ళకన్న నయం అవ్వా. సాయంత్రం ఇంత ఏస్తే పొద్దటికి ప్లేటు నిండ అయితయ్."

"మరి అమ్మరాదు?"

"కొనేటోళ్ళు లేరు. అందరికీ ఫిరీగనే దొరుకుతున్నయ్."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. నవ్వాక ఖాలా మోచేతులదాకా సబ్బుతో కడుక్కునేది. మా ఇంట్లో ఏం తినాలన్నా ముందు అదే. ఆమె ఇంట్లో ప్రతి డబ్బా మీదా తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద పెట్టిన తారీఖు రాసి ఉండేది. పచ్చడి సీసా మీద, నెయ్యి గిన్నె మీద, ఆఖరికి చీపురు మీద కూడా. "కొన్నది ఎప్పుడో తెలిస్తే, అరిగింది ఎంతనో తెలుస్తది" అనేది.

నాకు ఆమె నేర్పినవి రెండే రెండు విషయాలు అనుకునేదాన్ని. మొదటిది, 'లేదు' అని రాయకూడదు. 'కనబడలేదు' అని రాయాలి. ఒకసారి నా బయాలజీ రికార్డు చూస్తూ అడిగింది.

"లేదని రాసినవ్. నువ్వు ప్లేటంత వెతికినవా?"

"చూశాను ఖాలా."

"చూస్తే కనబడలే. గంతే. ఉందో లేదో దానికి తెలుసు, నీకు తెల్వదు."

రెండోది, తప్పు రాస్తే ఒక్క గీతతోనే కొట్టేయాలి. నేను తప్పు రాస్తే పెన్నుతో నల్లగా, కాగితం చిరిగేదాకా రుద్దేస్తాను. చిన్నప్పటి నుంచీ అంతే. నా పాత డైరీల్లో సగం పేజీలు నల్ల మచ్చలే. ఖాలా ఆ రికార్డులోని మచ్చ మీద వేలు పెట్టి, "గిది ఏంది, కాలిపోయిందా?" అంది. "ఒక్క గీత కొట్టు. కింద ఉన్నది చదవనియ్యాలె. పక్కన సరైంది రాసి సంతకం పెట్టు. తప్పు దాస్తే తర్వాతోళ్ళు మళ్ళ గదే తప్పు చేస్తరు."

ఈ కాగితాల్లో నేను ఒక్క గీతే కొడుతున్నాను. చూడండి, మొదటి పేజీలోనే ఆరు చోట్ల ఉంది.

ఇక నేను రాయకుండా తప్పించుకుంటున్నది రాయాలి.

కొన్ని వారాల కింద అవ్వ పాదం మీద పుండు లేచింది. డాక్టరు ఏడు రోజులకు మాత్రలు రాశాడు, రోజుకు మూడు. "షుగర్ ఉన్న కాలు, అశ్రద్ధ చేస్తే వేలు పోతది" అని గట్టిగానే చెప్పాడు. మా ఇంట్లో ఇంగ్లీషు చదివేది నేనే కాబట్టి మాత్రల పని నాకు పడింది. అవ్వ అరచెయ్యి చాపేది, నేను మాత్ర పెట్టేదాన్ని. ఏ మాత్ర అని ఎప్పుడూ అడగలేదు.

అప్పుడే నాకు తొడ లోపలివైపు ఒక గడ్డ లేచింది. ఎర్రగా, వేడిగా, కూర్చోలేనంత సలుపు. ఎవరికీ చూపించలేని చోటు. అమ్మకు చెప్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది, డాక్టరు చూస్తానంటాడు. అవ్వ మాత్రల పట్టీ మీద పేరు చూసి ఫోన్లో వెతికాను. చర్మం మీది ఇన్ఫెక్షన్లకు అని ఉంది. రెండు రోజులు, రోజుకు మూడు చొప్పున, అవ్వ మాత్రలు ఆరు నేను మింగాను. సలుపు తగ్గింది. ఆపేశాను.

అవ్వకు రెండు రోజులు ముందే అయిపోయాయి.

"అయిపోయినయా బిడ్డా?"

"అయిపోయినయ్ అవ్వా."

"పీడ పోయె, నోరంత చేదు" అని అవ్వ సంతోషపడింది.

పుండు మూసుకున్నట్టే మూసుకుని, పది రోజులకు మళ్ళీ తెరుచుకుంది. నా గడ్డ కూడా మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకొంచెం పక్కన. పోయిన ఆదివారం నేను ఖాలా తలుపు కొట్టాను. తీశాక లోపలికెళ్ళి, ఆమె చాటలోని బియ్యంలో పావుగంట నేనూ రాళ్ళు ఏరాను. చివరికి, "ఖాలా, నాకు ఒక స్వెల్లింగ్ ఉంది" అన్నాను.

"స్వెల్లింగా? యాడ?"

చూపించాను. ఆమె మొహంలో ఏమీ మారలేదు. దానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

"దీన్ని సెగగడ్డ అంటరు. దాని పేరు దానికి పెట్టి చెప్పు, సగం పరేషాన్ తగ్గుతది. ఏమన్న మాత్రలు ఏసుకున్నవా?"

"లేదు ఖాలా."

"లేదా, కనబడలేదా?"

నేను చాటలోంచి ఇంకో రాయి ఏరి పక్కన పెట్టాను. ఆమె మళ్ళీ అడగలేదు. పత్తి చుట్టిన పుల్లతో గడ్డ చివర కారుతున్నది తీసుకుని గొట్టంలో పెట్టుకుంది. "డాక్టరు చీటి లేకుండ నేను చెయ్యొద్దు. గిది గూడ తప్పే, నా లెక్కల రాసుకుంట" అంది. డబ్బులు కట్టి రసీదు రాయించుకుని, నా పేరు మీదే పరీక్షకు పెట్టిందని తర్వాత తెలిసింది. మంగళవారం ఒక మాట చెప్పింది, అవ్వ వేసుకున్న మాత్రే నా క్రిమికి పనిచేస్తుందని. ఆ రోజే అమ్మ అవ్వను మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మళ్ళీ అవే మాత్రలు రాశాడు. నాకు ఎంత తేలికైందో చెప్పలేను. ఏమీ కాలేదు, ఎవరికీ తెలియదు అనుకున్నాను.

బుధవారం కాలేజీ నుంచి వస్తుంటే ఖాలా ఫోన్ చేసింది. "ల్యాబుకు రా. ఒక్కదానివే రా."

ఆమె గదిలో ట్యూబ్‌లైటు మినుకుమినుకుమంటోంది. ఖాలా కళ్ళ కింద నల్లగా ఉంది. ఒక ప్లేటు నా చేతికి ఇచ్చింది.

"మూత తియ్యకు. కిటికీ దిక్కు పట్టుకొని చూడు. ఏం కనబడ్తుంది?"

ప్లేటంతా పలుచని మీగడలాంటి పొర. అది నా గడ్డలోని బ్యాక్టీరియా. దాని మీద పక్కపక్కనే రెండు తెల్ల కాగితపు బిళ్ళలు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉంటుంది. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఏమీ పెరగక గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. ఎడమవైపు ఎరిత్రోమైసిన్ బిళ్ళ. దాని అంచుదాకా పొర పెరిగింది, అంటే ఆ మందు దండగ. కుడివైపు క్లిండామైసిన్, అవ్వ మాత్రల్లో ఉండే మందు. దాని చుట్టూ ఖాళీ ఉంది. కానీ గుండ్రంగా లేదు. ఎరిత్రోమైసిన్ వైపు మాత్రం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది.

"ఇంగ్లీషు డి లాగా ఉంది ఖాలా."

"మాకు గూడ గట్లనే నేర్పిండ్రు. నాకైతే గోడకు ఆనిన చందమామ లెక్క కనబడ్తది."

"కానీ ఈ వైపు మందు పనిచేస్తుంది కదా?"

"ఈ దిక్కు దానికి ఇంకా ఖబర్ అందలే. ఆ దిక్కు అందింది." స్టూలు లాక్కుని బరువుగా కూర్చుంది. "మీ అవ్వోళ్ళ బాయికాడ ఆటోస్టార్టర్ చూసినవా?"

"లేదు."

"గింత లావు పుస్తకం మోస్తవ్, ఆటోస్టార్టర్ తెల్వదా? మా అబ్బా, అదే మా నాయిన, రాజోలిల పొలంకాడ పెట్టిండె. కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదు. పొద్దాక స్విచ్ కాడ ఎవరు కూసుంటరు? గా డబ్బ పెడితే, కరెంటు రాంగనే మోటరు దానంతల అదే నడుస్తది. ఇప్పుడు నువ్వు కరెంటు లేనప్పుడు పోయినవ్. గట్టు మీద నిలబడి విన్నవ్. చప్పుడు లేదు. ఈ బాయికి మోటరే లేదని రాసుకొని వచ్చినవ్. నిజమేనా?"

"కాదు."

"మొన్న నేను చేసింది గదే."

మొదటిసారి ఆమె రెండు బిళ్ళల్నీ దూరం దూరంగా పెట్టిందట. కాళ్ళు గుంజుతున్నాయని, త్వరగా ముగించి ఇంటికి పోదామని. దూరంగా ఉంటే ఒక మందు వాసన ఇంకో మందు దగ్గరికి చేరదు. అందుకే క్లిండామైసిన్ చుట్టూ నిండు చందమామ కనబడింది. పనిచేస్తుందని రాసేసింది. కానీ పక్క బిళ్ళ అంచుదాకా పెరిగిన పొర ఆమెను నిద్రపోనివ్వలేదట. మంగళవారం రాత్రే ల్యాబుకు తిరిగొచ్చి, బిళ్ళలు దగ్గరగా పెట్టి మళ్ళీ చేసింది.

"నాకు నిలబడనీకె చాతనైతలేదు బిడ్డా. కానీ ప్లేటుకు నా అలసట తెల్వదు గద."

తర్వాత ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఆ క్రిమిలో ఒక జీన్ ఉంది. అది పనిచేస్తే, మందు వచ్చి కూర్చునే చోటు మీద ఒక ముద్ర పడుతుంది. ఇక మందుకు జాగా ఉండదు. కానీ ఆ పని ఎప్పుడూ చేస్తూ ఉంటే క్రిమికే భారం. అందుకే ఊరికే ఉన్నప్పుడు ఆ జీన్‌ను ఆపి పెట్టుకుంటుంది. ఎరిత్రోమైసిన్ లాంటి మందు తగిలిందా, అదే కరెంటు. మోటరు మొదలవుతుంది. అప్పుడు దాంతోపాటు క్లిండామైసిన్ కూడా పనికిరాకుండా పోతుంది. క్లిండామైసిన్ ఒక్కటే వస్తే మోటరు అంతగా కదలదు. అందుకే చాలా క్రిములు చస్తాయి, పుండు మానినట్టే ఉంటుంది.

"మరి ఆ మాత్రలే వేసుకుంటే సరిపోదా?"

"వాటిల్ల ఒకటో రెండో డబ్బ చెడిపోయినయి ఉంటయ్. కరెంటుతోని పని లేకుండ మోటరు ఎప్పటికీ నడుస్తనే ఉంటది. ఈ మాత్రలకు మిగిలినయన్ని చస్తయ్, గవే మిగుల్తయ్. మళ్ళ పుండు నిండ గవే."

జీన్ రెగ్యులేషన్ మీద పరీక్షలో నాకు పూర్తి మార్కులొచ్చాయి. జీన్ ఎలా ఆగుతుందో, ఎలా నడుస్తుందో చూపే ల్యాక్ ఒపెరాన్ బొమ్మను కళ్ళు మూసుకుని వేయగలను. జీన్ ఉండటం వేరు, అది పనిచేయటం వేరు అని అప్పటిదాకా నాకు తెలియదు. "జీన్ రెగ్యులేషన్ అంటే ఇదేనా ఖాలా?" అన్నాను.

"మీరేమంటరో. నేను ఆటోస్టార్టర్ అంట." స్టూలు నా వైపు జరుపుకుని, "ఇప్పుడు చెప్పు. ఎవరి మాత్రలు ఏసుకున్నవ్?" అంది.

"అవ్వవి."

"ఎన్ని?"

"ఆరు."

లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది, మోచేతులదాకా, ఎప్పటికన్నా ఎక్కువసేపు. నేను ప్లేటు పట్టుకునే ఉన్నాను.

"అవ్వ పుండు నా వల్లేనా ఖాలా?"

"ఆరు మాత్రలకు ఈ జీన్ పుట్టదు. నువ్వు పుట్టకముందు నుంచి ఉంది గది. కానీ అవ్వ మందు నడుమల ఆగింది, గది గూడ నిజమే. అవ్వ పుండుల ఇదే క్రిమి ఉందో లేదో నేను చెప్ప. ఒకటే ఇల్లు, ఒకటే తువ్వాల, ఉంటే ఉండొచ్చు. చూడకుండ నేను రాయ."

నా రిపోర్టు తీసింది. మొదట టైపు చేసిన 'పనిచేస్తుంది' మీద పెన్నుతో ఒక్క గీత కొట్టింది. పక్కన 'పనిచేయదు' అని రాసి సంతకం చేసింది. మూలన ఎర్ర స్కెచ్ పెన్నుతో గోడకు ఆనిన చందమామను గీసింది, అమ్మకు చూపించి చెప్పడానికి వీలుగా.

"ఇది మీ అమ్మకియ్యి. ఇది పట్టుకొని అవ్వను దవాఖానకు తీస్కపొమ్మను, పుండుల నుంచి తీసి పరీక్షకు ఇయ్యమను. నిన్ను గూడ చూపించుమను. ఏ మందు ఎయ్యాలెనో డాక్టరు చెప్తడు. గుడ్డిగ ఏది ఎయ్యొద్దో ఈ కాయిదం చెప్తది."

"నేను చెప్పలేను ఖాలా. దాని మీద నా పేరుంది. ఎందుకు చేయించావంటే..."

"రేపు కొల్లాపూర్ పోయి శుక్రవారానికి వస్త. నమాజు చదువుకొని మీ ఇంటికొస్త. అంతల నువ్వే చెప్పుకో. నువ్వు చెప్పి ఉంటే ఛాయ తాగనీకె వచ్చినట్టు. చెప్పకపోతే సాక్షి లెక్క వచ్చినట్టు."

ఆ మాట అని నవ్వింది. పళ్ళు కనబడని, అలసిపోయిన నవ్వు. నన్ను ముందు పంపి ఆమె ఇంకో గంట పని ఉందని ఉండిపోయింది. అదే చివరిసారి.

బుధవారం రాత్రి చెప్పలేదు. గురువారం ఆ ఫోన్ వచ్చింది. నేను ఏడ్చాను. కానీ ఏడుస్తున్నప్పుడు నాలో ఒక మూల, ఇక సాక్షి లేదు అనుకుంది. ఇది రాయకపోతే ఈ కాగితాలకు అర్థం లేదు. దీన్ని కొట్టేయడం లేదు, ఒక్క గీతతో కూడా.

నిన్న శుక్రవారం. మధ్యాహ్నం అజాన్ వినబడ్డాక నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను. ఆమె తలుపుకు తాళం ఉంది. గడప పక్కన ఆమె చీపురు, దాని మీద ప్లాస్టర్ ముక్క, దాని మీద తారీఖు. ఎవరూ రాలేదు. వస్తారని ఎందుకు చూశానో నాకే తెలియదు.

అవ్వ మాత్రలు ఇంకా నేనే ఇస్తున్నాను. ఈ పొద్దున కూడా చెయ్యి చాపింది. పుండు చుట్టూ ఎరుపు మడమవైపు పాకింది. "ఖాలా పోయింది, నా కాలు మిగిలింది" అంది అవ్వ. నేను మాత్ర పెట్టాను. ఆమె మింగింది. ఒక్క మాట చాలు అప్పుడు. అవ్వ నీళ్ళ గ్లాసు తిరిగిచ్చి, "చదువుకున్న పిల్లవు, నీ చేతుల ఉంటే నాకు రంది లేదు" అంది.

నాకు చాలా అలసటగా ఉంది. దాచడం ఇంత పని అని తెలియదు. రిపోర్టు ఎక్కడ ఉందో ప్రతి గంటకూ చూసుకోవాలి. పుస్తకంలో ఉంటే అమ్మ తీస్తుందని దిండులోకి, దిండులో ఉంటే ఉతుకుతుందని మళ్ళీ పుస్తకంలోకి. ఖాలా ఇరవై ఏళ్ళు ఉబ్బిన పాదాల మీద నిలబడింది. ఆ అలసటకు ఆమె రాసిన కాగితాలైనా ఉన్నాయి. నా అలసటకు ఏమీ లేదు.

ఆమె ఉంటే నాకు ఏం

తలుపు కొడుతున్నారు. అమ్మ.

"తలుపు తియ్యి. అవ్వ చలిజ్వరంతోని వణుకుతుంది. ఆటో పిలిచిన. ఆ దవాఖాన చీటి యాడ పెట్టినవ్ నువ్వు?"

"వస్తున్నా" అన్నాను. అవ్వ మూలుగు ఇక్కడిదాకా వినబడుతోంది.

ఈ కాగితాలు పరుపు కింద పెడుతున్నాను. డాక్టరు చీటి అల్మరాలో ఉంది, అది తీసి ఇస్తాను. దాంతోపాటు ఇంకో కాగితం నా చేతిలో ఉంది. అది పరుపు కిందికి పోవడం లేదు. నా పేరు, ఒక్క గీత, దాని కిందినుంచి ఇంకా చదవగలిగే 'పనిచేస్తుంది', మూలన చందమామ. చెమటకు ఆ ఎరుపు కొంచెం నా బొటనవేలికి అంటింది.